పదిహేడున్నర లక్షల కారుకి అరవై ఐదు లక్షల కారు స్పేర్‌పార్ట్స్

2023 జూన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక జర్మన్ సెడాన్ కొన్నాను. 2014 మోడల్, 68,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే వాటిలో చాలావరకు ఆ తరం టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న పెట్రోల్ కార్లు చాలావాటిలో కనిపించేవే. మూడు లీటర్ల ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, టర్బో, మూడు వందలు దాటిన హార్స్‌పవర్. కొత్తలో ఆన్‌రోడ్ అరవై ఐదు లక్షల దాకా అయిందని మొదటి ఓనర్ దాచిన బిల్లులో ఉంది. నాకు పదిహేడున్నర లక్షలకు వచ్చింది.

తెనాలికి ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. ఆయన జీవితంలో నడిపినవి రెండే బళ్లు, ఒక చేతక్ స్కూటరు, ఒక మారుతి 800. అంతా విని, "ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకురా" అన్నారు. అప్పుడు నవ్వాను.

ఈ పిచ్చి నాకు కొత్తది కాదు. 2004లో మన దేశంలోకి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు వచ్చినప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను. 1.8 లీటర్ టర్బో, 150 హార్స్‌పవర్. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఒకటి ఆగి, పచ్చ లైటు పడగానే వెళ్లిన తీరు చూసి నేను ఎక్కాల్సిన సిటీ బస్సు వదిలేసుకున్నాను. నేను కొన్నది ఆ కారు కాదు, కానీ పురుగు కుట్టింది మాత్రం ఆ రోజే.

కొనేముందు జాగ్రత్తపడలేదని అనుకోవద్దు. 4,500 ఇచ్చి బయటి ఇన్‌స్పెక్టర్‌ని తీసుకెళ్లాను. అతను స్కానర్ పెట్టాడు, ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. నేను మురిసిపోతుంటే అతను ఇంకో మాట అన్నాడు. "సార్, కోడ్‌లు లేవు కానీ, బండి తనని తాను చేసుకునే టెస్టులు కూడా ఇంకా పూర్తి కాలేదు. ఈ మధ్యే ఎవరో మెమరీ చెరిపినట్టున్నారు." కోడ్‌లు చెరిపేస్తే ఆ సెల్ఫ్ టెస్టులన్నీ మొదటికి వస్తాయి, మళ్లీ పూర్తి కావాలంటే కొన్ని రోజులు నడవాలి. ఇది నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు నా చెవులు సైలెన్సర్ శబ్దం మీద ఉన్నాయి. ఇంకోటి కూడా గమనించలేదు. మేం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది. అమ్మే ఆయన "ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చాను" అన్నాడు. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని మన ముందు స్టార్ట్ చేయించి వినాలి, పొగ చూడాలి. అది చేయలేదు.

కొన్న ఐదో వారంలో వాసన మొదలైంది. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి జేఎన్‌టీయూ దాకా ట్రాఫిక్‌లో పాకుతూ ఉంటే ఏసీలోంచి మాడిన నూనె వాసన. పక్కన మిర్చి బజ్జీల బండి ఉందేమో అనుకున్నాను. ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే వాసన అక్కడిదే.

అధీకృత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కాఫీ బాగుంది. ఎస్టిమేట్ లక్షా అరవై వేలు దాటింది. వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) మొత్తం, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ మొత్తం, బెల్టు, టెన్షనర్, ఇంకా అర్థం కాని నాలుగు పేర్లు. ఆఫీసులో ఇలాంటి కారే ఉన్న కొలీగ్ ఒకతను మూసాపేట వైపు ఒక గ్యారేజీ చెప్పాడు. రేకుల షెడ్డు, రెండు లిఫ్టులు, మూలన లాప్‌టాప్. అక్కడి మెకానిక్ భాయ్ టార్చి వేసి పది నిమిషాలు చూసి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇంజన్ మంచిగుంది సార్. ఇంజన్ చుట్టున్న ప్లాస్టిక్ ఖతమైంది."

ఈ రెండేళ్ల కథంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంజన్ లోపలి ఇనుము, అల్యూమినియం ఇప్పటిదాకా నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. పోయినవి చాలావరకు రబ్బరు, ప్లాస్టిక్. అవి కిలోమీటర్లు లెక్కపెట్టవు, ఏళ్లు లెక్కపెడతాయి, వేడి లెక్కపెడతాయి. నలభై రెండు డిగ్రీల మే నెలలో, టర్బో పక్కనే, గాలి ఆడని బానెట్ కింద, అడుగు కదలని ట్రాఫిక్‌లో తొమ్మిదేళ్లు ఉడికిన రబ్బరు అది. "తక్కువ తిరిగిన బండి" అని నేను పొంగిపోయిన 68,000 అంకె దాని విషయంలో ఎందుకూ పనికిరాదు.

ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కీ ఇంజన్‌కీ మధ్య చిన్న గాస్కెట్, అంటే నూనె కారకుండా పెట్టే రబ్బరు పట్టీ, ఒకటి ఉంటుంది. దాని ధర 1,400. దాన్ని అందుకోవడానికి పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) విప్పాలి, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వంచేయాలి. సగం రోజు పని. భాయ్ పాత గాస్కెట్ బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. రబ్బరు కదా అని వంచి చూశాను. టప్‌మని రెండు ముక్కలైంది, వేయించిన అప్పడంలా. కొత్తది చేత్తో పట్టుకుంటే మెత్తగా వంగుతోంది. రెండిటినీ పక్కపక్కన చూస్తే ఇక స్కానర్ ఎందుకు?

ఆ గాస్కెట్ దగ్గర కారే నూనె నేల మీద పడితే పరవాలేదు. కానీ ఈ ఇంజన్‌లో అది సరిగ్గా ముందు తిరిగే బెల్టు మీద పడుతుంది. నూనె తాగిన బెల్టు ఉబ్బి, జారి, పోగులు పోగులుగా చిరిగితే ఆ పోగుల్ని బెల్టును తిప్పే చక్రం, క్రాంక్ పుల్లీ, లోపలికి లాక్కుంటుంది. వెనకున్న సీల్ దాటి ఇంజన్ లోపలికి వెళ్లాయంటే అప్పుడు లక్షలు. 1,400 గాస్కెట్ కోసం సగం రోజు కూలి ఇవ్వడం దండగ అనుకుని చాలామంది "ఇంకా కారట్లేదు కదా, తడిగా ఉందంతే" అని ఆపేస్తారట. నా మాడు వాసనకు కారణం మాత్రం ఇది కాదు, పైనున్న వాల్వ్ కవర్. అది కూడా ప్లాస్టిక్కే. వేడికి వంకరపోయి, అంచు నుంచి ఊరిన నూనె ఎగ్జాస్ట్ మీద పడి మాడుతోంది. గాస్కెట్ ఒక్కటే మార్చినా వంకర పోదు కాబట్టి కవర్ మొత్తం మార్చాం. కవర్ 24,000, బెల్టు 3,600, టెన్షనర్ 6,000, గాస్కెట్ 1,400, ఆయిల్, కూలెంట్ కలిపి 9,000, కూలి 14,000. మొత్తం 58,000. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్‌లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ కవర్‌ని కార్ల కంపెనీ సొంతంగా తయారు చేయదు. వేరే కంపెనీ చేసి ఇస్తుంది. అదే కంపెనీ అదే వస్తువుని తన సొంత పెట్టెలో పెట్టి బయట కూడా అమ్ముతుంది. కొన్ని పార్ట్‌ల మీదైతే కార్ల కంపెనీ లోగో ఉండాల్సిన చోట గీకేసిన గుర్తు కూడా కనిపిస్తుంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి తెప్పిస్తే ఇంకా చవక, కానీ అక్కడ అసలుదేదో నకిలీదేదో పట్టుకోవడం నా వల్ల కాదు. ఆ పని భాయ్‌కి వదిలేశాను. అతను పెట్టె మీది అచ్చు చూడడు, పార్ట్ బరువు చూస్తాడు.

అసలు టెన్షన్ 2024 మేలో వచ్చింది. అత్తగారిని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాను. రాత్రి పదకొండు. ముందు ఏసీ చల్లదనం తగ్గింది. తర్వాత ముందున్న ఫ్యాన్ పెద్దగా అరవడం మొదలుపెట్టింది, మనం ఇంకా ఎయిర్‌పోర్టులోనే ఉన్నామా అన్నంతగా. అప్పుడు స్క్రీన్ మీద పసుపు హెచ్చరిక. అది ఎర్రగా మారేలోపు పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను. నిమిషం కూడా పట్టలేదు. వాటర్ పంపు పోయింది.

మామూలు కార్లలో వాటర్ పంపుని బెల్టు తిప్పుతుంది. పోయేముందు కుయ్‌కుయ్ మంటుంది, కారుతుంది, వారం పది రోజులు సూచనలు ఇస్తుంది. ఈ ఇంజన్‌లో పంపు కరెంటుది. కంప్యూటర్ ఎంత వేగం చెబితే అంత తిరుగుతుంది, ఇంజన్ ఆపేశాక కూడా కాసేపు తిరిగి టర్బోని చల్లబరుస్తుంది. ఆలోచన గొప్పదే. కానీ పోయేటప్పుడు చెప్పా పెట్టకుండా పోతుంది. లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూగా పోవడం మామూలేనని తర్వాత తెలిసింది. నాది 76,000 దగ్గర పోయింది. "ఎగ్జిట్ రెండు కిలోమీటర్లే కదా, మెల్లగా వెళ్లిపోదాం" అనుకుని ఉంటే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోయేది. కారుని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి, నేను డ్రైవర్ పక్కన కూర్చుని మూసాపేట చేరేసరికి ఒంటిగంటన్నర. ఆ డ్రైవర్ నా కారుని అద్దంలో చూసి, "ఇట్లాంటివి వారానికి రెండు ఎక్కిస్త సార్" అన్నాడు. ఓదార్చాడో, ఎగతాళి చేశాడో తెలియలేదు.

పంపు 38,000, దాని పక్కనే ఉండే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచేది) 9,500. థర్మోస్టాట్ బాగానే ఉంది కదా, వదిలేద్దామా అని అడిగాను. అదిగో, అంకుశం దగ్గర బేరం. అది రేపు పోతే మళ్లీ ఇదే కూలి 9,000 ఇవ్వాలని భాయ్ చెప్పాక నోరు మూసుకున్నాను. కూలెంట్, బోల్టులు 4,500. ఆ బోల్టులు అల్యూమినియంవి, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. కొన్నిచోట్ల పాతవే బిగించేస్తారు. మొత్తం 61,000.

బిగించాక కూలెంట్ లోంచి గాలి తీసే పద్ధతి చూడాలి. ఇంజన్ స్టార్ట్ చేయరు. ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడికి పెట్టి, ఫ్యాన్ తక్కువలో ఉంచి, ఎక్సిలరేటర్ కిందిదాకా పది సెకన్లు తొక్కి పట్టుకోవాలి. అంతే, పంపు తనంతట తాను పన్నెండు నిమిషాలు ఒక క్రమంలో తిరుగుతుంది. షెడ్డులో అందరూ మాటలాపి ఆ "జుంయ్... జుంయ్..." వింటూ నిలబడ్డాం. ట్యాంకులో బుడగలు పైకొస్తూ నీళ్ల మట్టం దిగుతుంటే కుర్రాడు కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. మే నెలలో, ఆ రేకుల కింద, హీటర్ ఫుల్లు పెట్టుకుని.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే గొట్టం ప్లాస్టిక్‌దే. నార్సింగి దగ్గర ర్యాంపు ఎక్కుతూ గట్టిగా తొక్కితే డబ్‌మని పగిలింది. టైరు పేలిందనుకున్నాను. బండి ఆగలేదు కానీ బలమంతా పోయి, ఆటోల వెనక ఇల్లు చేరాను. అల్యూమినియం గొట్టం వేయించాను, 21,000. బ్యాటరీ 24,500. కొత్త బ్యాటరీ పెట్టి ఊరుకుంటే సరిపోదు, మార్చామని కంప్యూటర్‌కి చెప్పాలి. లేకపోతే అది పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తుంటుంది. ముందు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు 47,000. మొదట్లో చేయించిన ఆయిల్, ఫిల్టర్లు, ఆరు స్పార్క్ ప్లగ్గుల సర్వీసు 31,000.

తొంభై వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికేది. డిస్కులు మార్చినా వణుకు పోలేదు, అంటే ముందు అనుమానించాల్సింది డిస్కుల్ని కాదు. ముందు చక్రాల ఆర్మ్‌లకు ఉండే రబ్బరు బుష్షుల్లో నూనెలాంటి ద్రవం నింపి ఉంటుంది. మన గుంతలకు అవి పగిలి ద్రవం కారిపోయింది. అలైన్‌మెంట్‌తో కలిపి 36,500. డిస్కులు ఎలాగూ అరిగాయి, ఆ డబ్బు పూర్తిగా వృథా కాలేదని నాకు నేను చెప్పుకుంటాను.

ఈ కారుతో వచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా కొంత దూరం నడుస్తాయి కాబట్టి స్టెప్నీ ఇవ్వలేదు. టైరు పక్క గోడ చెక్కలా గట్టిగా ఉంటుంది, ప్రతి గుంత నేరుగా నడుముకి చెబుతుంది. కాలనీ చివర పంక్చర్ షాపాయన ఒకసారి విప్పడానికి ప్రయత్నించి, "ఇది నా మిషన్ మీద రాదన్నా" అని చేతులెత్తేశాడు. అరిగాక మామూలు టైర్లు వేయించాను. నాలుగింటికి 62,000. డిక్కీలో చిన్న కంప్రెసర్, పంక్చర్ కిట్ పెట్టుకున్నాను. ఈ కారు మీద నేను పెట్టిన డబ్బులో మా ఆవిడ మెచ్చుకున్నది ఇదొక్కటే.

గేర్‌బాక్స్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ తయారీ. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "అందులో ఆయిల్ లైఫ్‌టైమ్ సార్, మార్చక్కర్లేదు" అన్నారు. ఎవరి లైఫ్‌టైమో చెప్పలేదు. తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. నా కారుకి అప్పటికే పదేళ్లు. గేర్‌బాక్స్ చెడిపోయి కాదు, ఉదయం పూట మొదటి రెండు కిలోమీటర్లు రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు చిన్న కుదుపు వచ్చేది, అందుకని వెళ్లాను.

దాని అడుగు తొట్టి కూడా ప్లాస్టిక్కే. ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, కాబట్టి తొట్టి మొత్తం కొత్తది వేయాలి. పాతది దించితే లోపలి అయస్కాంతాల మీద బూడిద రంగు ముద్ద, కాటుకలాగా. నాకు గుండె ఆగింది. భాయ్ వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మెత్తగుంది సార్. గింజలు తగిలితే పరేషాన్ కావాలె. ఇది మామూలు అరుగుడే." కొత్త ఆయిల్ పోశాక మట్టం చూడటం ఇంకో తతంగం. ఇంజన్ నడుస్తూ ఉండాలి, గేర్లన్నీ ఒకసారి మార్చాలి, ఆయిల్ వేడి ముప్పై నుంచి యాభై డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చూడాలి. కుర్రాడు లాప్‌టాప్‌లో "ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది..." అని చదువుతుంటే, కింద భాయ్ బోల్టు విప్పి సన్నటి ధార వచ్చేదాకా చూసి మళ్లీ బిగించాడు. 46,000. పని సరిగ్గా చేసేవాళ్లు దొరకరేమోననే భయంతో దీన్ని ఏడాది వాయిదా వేశాను. మర్నాడు పొద్దున్న ఆ కుదుపు లేదు.

ఇన్సూరెన్స్ సంగతి అడిగేవాళ్లు ఉంటారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వస్తుంది, అరిగిపోయి పోయిన వాటికి రాదు. పైన చెప్పిన వాటిలో ఒక్క రూపాయి కూడా రాలేదు.

మొత్తం ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను. 2025 సెప్టెంబరుకి ఇరవై ఏడు నెలలు, 21,000 కిలోమీటర్లు, 3,87,000 రూపాయలు. టోయింగ్, ఇన్సూరెన్స్, ఇందుకోసం పెట్టిన ఆఫీసు సెలవులు ఇందులో లేవు. కిలోమీటరుకి పద్దెనిమిది రూపాయల పైమాటే. సిటీలో ఏడున్నర మైలేజి వస్తుంది. లీటరు 107 దాటిన పెట్రోలుతో లెక్కేస్తే కిలోమీటరుకి పద్నాలుగు. అంటే పెట్రోలు కంటే రిపేర్లే ఎక్కువ తాగాయి. కారు ధర తొమ్మిదేళ్లలో అరవై ఐదు నుంచి పదిహేడున్నరకు పడింది కానీ, పంపు ధర ఒక్క రూపాయి పడలేదు. అది ఇంకా అరవై ఐదు లక్షల కారు పంపే. కొనే రోజున నా చేతిలో ఉన్న పద్దెనిమిది లక్షలూ కారులోనే పెట్టేశాను. పదమూడు, పద్నాలుగు లక్షల కారు చూసుకుని, మిగతా నాలుగు బ్యాంకులో ఉంచుకుని ఉంటే వాటర్ పంపు నెలలో క్రెడిట్ కార్డు ఈఎంఐ ఉండేది కాదు.

అమ్మేస్తావా అని అడిగితే, లేదు. తెల్లవారుజామున ఐదున్నరకు ఖాళీ ఓఆర్‌ఆర్ మీద మూడో గేరులో ఆరు సిలిండర్లు ఒక్కటిగా అరిచే ఆ శబ్దానికి నా దగ్గర ఎక్సెల్ షీట్ లేదు.

ఇప్పుడు పార్కింగ్‌లో కారు కింద ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి పరిచి ఉంచుతాను. రోజూ పొద్దున్న పాల ప్యాకెట్ తెచ్చుకుంటూ వంగి చూడటం అలవాటైంది. వాచ్‌మన్‌కి కూడా అలవాటైంది, "ఇయ్యాల ఏం పడలే సార్" అని ముందే చెప్తాడు. మొన్న మాత్రం ఏం చెప్పలేదు. అట్ట మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. ఫోటో తీసి భాయ్‌కి పంపాను. అరగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఆయిల్ పాన్ గాస్కెట్ సార్. గాస్కెట్ రెండున్నర వేలే, కానీ ముందు సబ్‌ఫ్రేమ్ దించాలె, కూలి పాతిక అయితది. తొందరేం లేదు. ఆయిల్ లెవెల్ చూస్కుంట నడపుర్రి. దసరా అయినంక తీస్కరండి."

షీట్‌లో కొత్త వరస చేర్చి, దాని ఎదురుగా 27,500 అని రాసి పెట్టాను.